గుంజ పాతిన చోట



మా విచారణలో ఆరోగ్యమాత తిరునాళ్ల ఏటా సెప్టెంబరు 8న జరుగుతుంది. ఆగస్టు 30న జెండా ఎగురవేసి నవదిన ప్రార్థనలు మొదలుపెడతాం. అయితే తిరునాళ్ల వచ్చేసిందని నాకు తెలిసేది జెండావల్ల కాదు, గునపం చప్పుడువల్ల. 5వ తేదీ రాత్రి, గుడికి ఎదురుగా ఉన్న మన పాఠశాల మైదానంలో ఎవరో ఒకరు మొదటి పోటు వేస్తారు. ఆ చప్పుడు విని మా వంటామె "దుకాణాలవాళ్లు దిగారు ఫాదర్‌గారూ" అంటుంది. ఇక ఆ రాత్రి బంగళాలో నిద్ర ఉండదు.

ఈ వారం ఆ దుకాణాల గురించే నాలుగు మాటలు రాయాలనుకున్నాను. పండుగ గురించి, మాత మధ్యవర్తిత్వం గురించి పెద్దలు ఎందరో రాస్తూనే ఉన్నారు. మూడు రోజులపాటు మన గుడి ముందు ఒక చిన్న ఊరు కట్టి, నాలుగో రోజు పొద్దుటికి దాన్ని మడిచి లారీలో వేసుకుని వెళ్లిపోయేవారి గురించి మనం ఎక్కువగా మాట్లాడుకోం. నేనూ చాలా ఏళ్లు పట్టించుకోలేదు. పట్టించుకోక తప్పని రోజు ఒకటి వచ్చింది. అది నేను గొప్పగా చెప్పుకునే రోజు కాదు.

ముందు ఆ ఊరు ఎలా లేస్తుందో చెప్పనివ్వండి. సాయంత్రం లారీలు, ట్రాలీ ఆటోలు వస్తాయి. వాటిలో సరుగుడు బాదులు, వెదురు బొంగులు, చుట్టలు చుట్టిన టార్పాలిన్లు, చెక్క బల్లలు, రేకు పెట్టెలు, వాటి మీద కూర్చున్న ఆడవాళ్లు, పిల్లలు. మగవారు ముందు దిగి కాళ్లతో నేల కొలుస్తారు. ఎవరి చోటు ఎవరికో వారికి ముందే తెలుసు. వేపచెట్టు, కొళాయి, గేటు, ఇవే వారి సర్వే రాళ్లు. నాలుగు మూలలా గునపంతో మూరెడు లోతు గోతులు తీస్తారు. గుంజ నిలబెట్టి, చుట్టూ ఇటుక ముక్కలు దట్టించి, మట్టి పోసి కాలితో తొక్కుతారు. ముందు గుంజలు ఎత్తు, వెనక గుంజలు పొట్టి. ఎందుకంటే వాన పడితే నీరు వెనక్కి జారాలి. ముందుకు జారితే కొనేవాడి నెత్తిన పడుతుంది, కొనేవాడు పక్క కొట్టుకు పోతాడు. నా చిన్నతనంలో పైన తాటాకు కప్పేవారు. ఇప్పుడు నీలం రంగు టార్పాలిన్. బాదులు కట్టాక బల్లలు, బల్లల మీద దుప్పటి, దుప్పటి మీద సరుకు. తెల్లవారి ఆరు గంటల పూజకు నేను గుడి తలుపులు తీసేసరికి జీళ్లు, మిఠాయి, ఖర్జూరాలు, గాజులు, ప్లాస్టిక్ బొమ్మలు, కొవ్వొత్తులు, జపమాలలు, మాత పటాలు, బజ్జీల బండి, దూరంగా రంగుల రాట్నం, అన్నీ ఉంటాయి. సృష్టి ఆరు రోజుల్లో జరిగిందని ఆదికాండం చెబుతుంది. వీరికి ఒక్క రాత్రి చాలు. (ఇది చదివి సెమినరీలో నాకు పాఠాలు చెప్పిన గురువులెవరైనా నవ్వుకుంటే నేను ధన్యుణ్ణి.)

ఈ గుంపులో గాజులు అమ్మే ఒక పెద్దావిడ ఉంది. ముస్లిం కుటుంబం. ఇరవై ఏళ్లకు పైగా మన తిరునాళ్లకు వస్తోంది. ఆమె పంచాంగం వింటే మనకు ఆశ్చర్యం కలుగుతుంది. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో గుణదల మాత ఉత్సవం. మహాశివరాత్రికి కోటప్పకొండ. మొహర్రం రోజుల్లో నెల్లూరులో బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగ. రెండేళ్లకోసారి మాఘమాసంలో మేడారం. మధ్యలో మనలాంటి చిన్న విచారణల తిరునాళ్లు, వారపు సంతలు. మన జిల్లాలో ఏ దేవుడి పండుగ ఎప్పుడో నాకన్నా ఆమెకే బాగా తెలుసు. ఆమె అన్నం తినేది మన అందరి పండుగల మీదే.

కోవిడ్ వచ్చిన 2020లో మన తిరునాళ్ల లోపలే జరిగింది, జనం లేకుండా. 2021లో పూజలు జరిగాయి కాని దుకాణాలు పెట్టనివ్వలేదు. ఆ రెండేళ్లు మనం ఆన్‌లైన్‌లో నవదిన ప్రార్థనలు చూశాం, మాత దయవల్ల చాలామందిమి బయటపడ్డాం. గునపం చప్పుడు వినిపించని ఆ రెండు సెప్టెంబరులలో ఆ దుకాణాలవారు ఏం తిన్నారని నేను ఒక్కసారైనా ఆలోచించలేదు. ఇది నా ఆత్మశోధనలో తరువాత తేలిన విషయం.

2022లో మళ్లీ తిరునాళ్ల ఘనంగా చేశాం. సెప్టెంబరు 8 గురువారం. సాయంత్రం తేరు ప్రదక్షిణ, దివ్యసత్ప్రసాద ఆశీర్వాదం అయి, జెండా దించేసరికి రాత్రి తొమ్మిదిన్నర. మరునాడు బడి ఉంది. నేను మైకు తీసుకుని, దుకాణాలవారందరూ తెల్లవారి ఐదు గంటలకల్లా మైదానం ఖాళీ చేయాలని ప్రకటించాను. పిల్లలు వచ్చే చోట మేకులు, గాజు పెంకులు ఉండకూడదు గదా. మాట న్యాయమైనదే. పదకొండు గంటలకు వాన మొదలైంది.

పన్నెండు దాటాక ఆ గాజులావిడ బంగళా మెట్ల దగ్గరికి వచ్చింది. కొంగు నెత్తిన కప్పుకుని, "ఫాదర్‌గారూ, వాన తెరిపిచ్చేదాకా ఆగనివ్వండి. గాజులు డజను డజను కాగితంలో చుట్టి గడ్డిలో పెట్టి సర్దాలి. అట్టపెట్టెలు తడిస్తే అడుగు ఊడిపోతుంది. పొద్దున పదింటికల్లా వెళ్లిపోతాం" అంది. నేను వరండాలో నిలబడి, "అందరికీ ఒకే మాట అమ్మా, నీ ఒక్కదానికి ఎలా మారుస్తాను?" అన్నాను. ఆమె ఇంకేమీ అనలేదు. నమస్కారం పెట్టి వెళ్లింది.

నాలుగున్నరకు ప్రార్థనకు లేచి కిటికీ తీస్తే, గేటు బయట రోడ్డుపక్కన కల్వర్టు మీద ఆమె పెట్టెలు కనిపించాయి. టార్పాలిన్ పెట్టెల మీద కప్పి ఉంది. దానికింద ఒక మూల మనవడు నిద్రపోతున్నాడు. ఆమె, ఆమె కోడలు బయట వానలో కూర్చుని ఉన్నారు. మైదానం మాత్రం నేను చెప్పినట్టు ఖాళీగా, శుభ్రంగా ఉంది. ఆరింటికి నేను పూజ చేశాను. ఏడున్నరకు వాన ఇంకా ఎక్కువ కావడంతో ఆ రోజు బడికి సెలవు ప్రకటించాం.

ప్రియ సహోదరులారా, ఆ ఉదయం నా మనసు నాకు ఒక సమాధానం చెప్పింది. చదువుకున్నవాడి మనసుకు సమాధానాలు తొందరగా దొరుకుతాయి. నాకు నెహెమ్యా గుర్తుకొచ్చాడు. ఆయన గ్రంథం 13వ అధ్యాయంలో విశ్రాంతిదినాన వ్యాపారులు యెరూషలేముకు సరుకు తెస్తుంటే ఆయన నగర ద్వారాలు మూయించాడు. ఆ వ్యాపారులు ఒకటి రెండుసార్లు గోడ బయటే రాత్రి గడిపితే, మళ్లీ అలా చేస్తే పట్టుకుంటానని హెచ్చరించాడు. దేవుని స్థలానికి ఒక క్రమం ఉండాలి అని నన్ను నేను సమర్థించుకున్నాను. రెండు రోజులు ఆ సమర్థన నిలిచింది. తరువాత, ఎందుకో తెలియదు, అదే నెహెమ్యా గ్రంథం 8వ అధ్యాయం తెరిచాను.

ఆ అధ్యాయం మీరు కూడా ఇంట్లో చదవండి. చెరనుండి తిరిగివచ్చిన ప్రజలు ధర్మశాస్త్రం చదువుతుండగా, ఏడవ నెలలో పర్ణశాలల పండుగ చేయమన్న ఆజ్ఞ వారికి కనిపించింది. వారు కొండలకు వెళ్లి ఒలీవ కొమ్మలు, ఖర్జూరపు మట్టలు తెచ్చారు. మిద్దెల మీద, వాకిళ్లలో, నగర వీధుల కూడలిలో, చివరికి దేవాలయ ప్రాంగణంలో కూడా పాకలు వేసుకున్నారు. యెహోషువ కాలంనుండి అంత సంబరంగా ఎవరూ చేయలేదని ఆ గ్రంథకర్త రాశాడు. అంటే, 13వ అధ్యాయంలో గోడ బయటికి నెట్టిన నగరమే 8వ అధ్యాయంలో దేవాలయ ప్రాంగణాన్ని పాకలకు అప్పగించింది. నేను నాకు కావలసిన అధ్యాయాన్నే పట్టుకున్నాను.

ఈ పండుగకు పునీత యోహానుగారి సువిశేషం 7వ అధ్యాయంలో ఒక గ్రీకు పేరు ఉంది: స్కేనోపేగియ. అక్షరాలా తీసుకుంటే 'గుడారాలు నిలబెట్టడం' అని అర్థం. ఆ పండుగ పేరే గుంజలు పాతే పని! యూదులు ఈనాటికీ ఆ ఏడు రోజులకు ఇంటి బయట పాక వేసుకుంటారు. పైకప్పు కొమ్మలతోనే వేయాలి. రాత్రి దాని సందుల్లోంచి నక్షత్రాలు కనిపించాలంటారు. మన తాటాకు పందిరి కింద పడుకున్నవారికి ఆ సంగతి ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

2023లో తిరునాళ్లకు ముందురోజు రాత్రి గునపం చప్పుడు వినగానే నేను మైదానంలోకి వెళ్లాను. ఆమె వచ్చింది. క్షమించమని అడిగాను. ఇది చెప్పడం సులువు కాదు. విచారణ గురువు మైదానంలో నిలబడి క్షమాపణ అడుగుతుంటే లారీ డ్రైవర్లు కూడా చూస్తారు. ఆమె, "పోనీండి ఫాదర్‌గారూ, మీరొక్కరే ఏంటి" అంది. నన్ను ఊరడించాలనే అంది. కాని ఆ మాట నన్ను తిట్టినదానికన్నా ఎక్కువగా తాకింది. ఊరూరా ఇదే జరుగుతుందని, మన గుడి మిగతా ఊళ్లకన్నా భిన్నంగా ఏమీ లేదని ఆ మాటకు అర్థం.

మాట మార్చడానికి ఆమె కడుతున్న ముడి చూస్తూ, "గట్టిగా బిగించవేం అమ్మా? గాలి వస్తే ఊడిపోదా?" అని అడిగాను. "ఊడదు. గాలికి ఊడకూడదు, నా చేతికి ఊడాలి" అని తాడు కొస పట్టి ఒక్క గుంజు గుంజింది. ముడి జారిపోయింది. మళ్లీ వేసి నన్ను లాగమంది. ఎంత లాగినా కదలలేదు; కొస ఏదో నాకు తెలియదు గదా. "మరీ బిగించేస్తే రాత్రిపూట కోయాల్సొస్తుంది. కోస్తే తాడు పోయింది. తాడు పోతే రేపటి ఊళ్లో ఏం పెట్టి కట్టను?" అంది.

నేను గురువును, చేతికి దొరికిన ఉపమానాన్ని వదులుతానా? 7వ తేదీ సాయంత్రం ప్రసంగంలో ఆ ముడి గురించి చెప్పాను. పునీత పౌలుగారు కొరింతీయులకు రాసిన రెండవ లేఖ 5వ అధ్యాయంలో మన శరీరాన్ని గుడారంతో పోల్చారు. ఆయన ఊరికే పోల్చలేదు. అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయం ప్రకారం కొరింతులో అక్విలా ప్రిస్కిల్లాలతో కలిసి గుడారాలు కుట్టి బతికిన పనివాడు ఆయన. కొరింతు దగ్గర రెండేళ్లకొకసారి ఇస్త్మియ క్రీడలు జరిగేవి. ఆ జనానికీ, వ్యాపారులకూ గుడారాల అవసరం ఉండి ఉంటుందని పండితులు కొందరు అంటారు. అంటే పునీత పౌలుగారికి తిరునాళ్ల అంగళ్లు పరాయివి కావు. ఇదంతా చెప్పి, ఈ లోకంలో మన బతుకు కూడా మూడు రోజుల దుకాణమే, ముడి జారుముడిగా వేసుకోండి, దేనికీ అంటిపెట్టుకోకండి అని ముగించాను. చాలామంది మెచ్చుకున్నారు. ఒకాయన క్యాసెట్ రోజుల్లో అయితే రికార్డు చేసేవాణ్ణి అన్నాడు.

మరునాడు ఆ పెద్దావిడ కొట్టు ముందునుంచి వెళుతుంటే పిలిచింది. "మైకులో మీ ప్రసంగం విన్నాను ఫాదర్‌గారూ. బాగుంది. కాని అది ఇల్లున్నవాళ్లకు చెప్పండి. మేం పొద్దున లేస్తే విప్పుకునేవాళ్లమే."

నా తత్వశాస్త్రం డిగ్రీ అక్కడ నిలబడిపోయింది. సెమినరీలో మాకు ఒక పాత చిక్కుప్రశ్న చెప్పేవారు: ప్లూటార్కు రాసిన థేసియస్ ఓడ. పలకలన్నీ ఒక్కొక్కటిగా మారిస్తే అది అదే ఓడా అని. గంటలు గంటలు వాదించుకునేవాళ్లం. ఈమె కొట్టులో గుంజలు కిందటేడువి, టార్పాలిన్ మొన్నటిది, బల్ల అద్దెది, రేకు పెట్టె ఒక్కటే అత్తగారిది. అయినా "నా కొట్టు" అంటుంది. ఆ ప్రశ్నకు జవాబు ఆమె దగ్గర ఉంది; చోటు ఎవరు ఇస్తారన్న ప్రశ్నకే లేదు.

ఆమె మాట పట్టుకుని లేవీయకాండం 23వ అధ్యాయం మళ్లీ చదివాను. పాకల్లో ఉండమన్న ఆజ్ఞ ఎవరికి? కనాను దేశంలో స్థిరపడి, పంట ఇంటికి చేర్చుకుని, గోడలూ కప్పూ ఉన్నవారికి. మీ పితరులు ఐగుప్తునుండి వచ్చినపుడు గుడారాల్లో బతికారు, అది మీ తరతరాలకు గుర్తుండాలి అని కారణం కూడా దేవుడే చెప్పాడు. ద్వితీయోపదేశకాండం 16వ అధ్యాయం ఇంకొంచెం ముందుకు వెళ్లి, ఆ పండుగ పంక్తిలో పనివారు, పరదేశి, అనాథ, విధవ కూర్చోవాలని పేరుపేరునా చెప్పింది. పాకలో ఉన్నవాడికి పాక గొప్పతనం బోధించమని మోషే ఎక్కడా చెప్పలేదు. ఇల్లున్నవాడు ఏడు రోజులు పాకలోకి దిగాలి. నేను తలకిందులుగా చెప్పాను.

మన రక్షకుడు దిగినదీ అలాగే గదా. పునీత యోహానుగారి మొదటి అధ్యాయంలో వాక్కు శరీరధారియై మన మధ్య నివసించాడని మనం చదివే చోట, గ్రీకు మూలంలో ఉన్న మాట గుడారం అన్న పదంనుండే పుట్టింది. ఆయన మన మధ్య గుడారం వేసుకున్నాడు. కట్టడం కట్టలేదు. దివ్యరూప ధారణ కొండమీద పేతురుగారు మూడు పాకలు వేస్తానంటే ఆయన ఒప్పుకోకుండా కిందికి, జనంలోకి దిగి వచ్చాడు.

దేవాలయంలో ప్రభువు వ్యాపారులను వెళ్లగొట్టలేదా అని మీలో కొందరు అడుగుతారు. మా విచారణ పెద్దల సభలోనూ ఒకరు అడిగారు. నిజమే, వెళ్లగొట్టాడు. అయితే యోహాను సువిశేషం 2వ అధ్యాయం మెల్లగా చదవండి. ఎద్దులను, గొర్రెలను కొరడాతో తోలాడు. రూకలు మార్చేవారి బల్లలు పడదోసి డబ్బు చిమ్మివేశాడు. పావురాలు అమ్మేవారితో మాత్రం వాటిని తీసుకుపొమ్మని నోటితో చెప్పాడు. పావురం పేదవారి కానుక. గొర్రెపిల్ల కొనలేని తల్లి రెండు పావురాలు తేవచ్చని లేవీయకాండం 12వ అధ్యాయం అంటుంది. మరియమాత, యోసేపుగారు ప్రభువును సమర్పించినప్పుడు ఇచ్చినది అదే. పావురాల వారిని కూడా ఆయన ఉండమనలేదు, అది నేను దాచను. కాని ఆయన చెయ్యి విసురుగా పడింది డబ్బు బల్ల మీద. మన తిరునాళ్లలో ఆ బల్ల ఎక్కడుందో వెతికితే, అది గాజుల కొట్టులో లేదు. విచారణ కార్యాలయంలో ఉంది.

అదేమిటో చెబుతాను. మా విచారణలో ఏటా జూలైలో ఆశీలు పాట పెట్టేవాళ్లం. తిరునాళ్ల మూడు రోజులు మైదానంలో దుకాణాలవారి దగ్గర ఆశీలు వసూలు చేసుకునే హక్కుకు వేలం. ఎక్కువ పాడినవాడు ఆ సొమ్ము ముందే కడతాడు, తరువాత వసూలు ఆయన ఇష్టం. మనకు తలనొప్పి లేదు, రసీదుల పని లేదు, గుడికి ఆదాయం. నేను వచ్చినప్పటినుండి ఆ కాగితం మీద నేనే సంతకం పెట్టాను. పాటదారు కట్టిన సొమ్ము ఎక్కడినుండి వస్తుందో లెక్క చూస్తే తెలిసింది: గేటు దగ్గర చోటుకు ఒక రేటు, మూలకు ఒక రేటు, బల్బుకు విడిగా, కొళాయి నీళ్లకు విడిగా. డబ్బు లేనివారికి ఆయన మనిషే అక్కడికక్కడ వడ్డీకి ఇస్తాడు. ఆ రాత్రే వడ్డీ పట్టుకుని మిగతాది చేతిలో పెడతాడు. మూడు రోజుల అమ్మకంలో మొదటి రోజు ఆశీలుకు, రెండో రోజు వడ్డీకి. వాన పడితే మూడో రోజు ఉండదు. 2022లో ఆ పెద్దావిడ వాన తెరిపిచ్చేదాకా ఆగనివ్వమన్నది గాజులు తడుస్తాయని మాత్రమే కాదు. మిగిలిన ఆ సరుకే ఆమె అప్పు తీర్చాలి.

పదమూడవ లియో పోపుగారు 1891లో వెలువరించిన రేరుం నొవారుం లేఖలో, పేదవాడి అవసరాన్ని ఆసరా చేసుకుని లాభం పిండడం దైవ నియమానికీ, మానవ నియమానికీ విరుద్ధమని స్పష్టం చేశారు. ఆ లేఖ మీద సెమినరీలో నేను పరీక్ష రాశాను. మంచి మార్కులే వచ్చాయి.

2025 జూబిలీ సంవత్సరం తపస్సుకాలంలో పెద్దల సభ పెట్టి, ఆశీలు పాట మానేద్దామన్నాను. మూడు వారాలు వాదన జరిగింది. గుడి పైకప్పు కారుతోంది, ఆ డబ్బు ఎక్కడినుండి తెస్తారు అన్నారు. సబబైన ప్రశ్నే. పాటదారు మన విచారణ కుటుంబమే, ఆయన పొట్ట కొడతారా అన్నారు. అదీ ఆలోచించవలసిందే. ఇంకొకాయన, వీధి వ్యాపారుల చట్టం రోడ్లకే గాని మన ఆవరణకు రాదని అన్నారు. మన విచారణలోనే ఉన్న ఒక న్యాయవాది 2014 నాటి ఆ చట్టం తెచ్చి చదివారు. వీధి వ్యాపారి అంటే ఎవరో చెప్పే చోట, బహిరంగ స్థలంతోపాటు ప్రైవేటు స్థలం అన్న మాట, తాత్కాలికంగా కట్టుకున్న కొట్టు అన్న మాట కూడా ఉన్నాయి. చోటునుండి లేపాలంటే ముప్పై రోజుల ముందు తెలియజేయాలని కూడా ఉంది. అంతకుముందే 1989లో సోదన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, వీధిలో వ్యాపారం చేసుకోవడం రాజ్యాంగం ఇచ్చిన హక్కుల్లోకే వస్తుందని, అయితే దానికి నియంత్రణ ఉండవచ్చని చెప్పింది. మూడు రోజుల తిరునాళ్లకు ఆ చట్టం ఎంతవరకు వర్తిస్తుందో న్యాయవాదులు తేల్చుకుంటారు. నాకు తగిలినది వేరు: ముప్పై రోజులన్న చోట నేను ఇచ్చినది ఏడున్నర గంటలు, అదీ వానలో.

చివరికి ఇలా నిర్ణయించాం. వేలం లేదు. అడుగుకు ఇంత అని ఒకే రేటు, బోర్డు మీద రాసి గేటుకు కట్టాలి. రసీదు విచారణ యువజనులు ఇవ్వాలి. నీళ్లు ఉచితం. రాత్రిపూట ఆడవారు, పిల్లలు పడుకోవడానికి బడి వరండా తెరవాలి. 9వ తేదీ సాయంత్రం వరకు విప్పుకోవడానికి సమయం. ఆ రోజు బడికి సెలవు, బదులు ఒక శనివారం. పాటదారుకు మైదానంలో లైట్లు, జనరేటర్ పని అప్పగించాం. ఆయన ఇంకా నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. పూజకు మాత్రం వస్తున్నాడు, చివరి బెంచీలో కూర్చుంటున్నాడు.

దుకాణాలవారంతా పునీతులని నేను అనడం లేదు. 2025లోనే ఒక మిఠాయి కొట్టులో తూకం తేడా పట్టుకున్నాం. సరుకులో లోపం తెలిసీ దాచి అమ్మితే అది పాపమని పునీత థామస్ అక్వినాసుగారు సుమ్మాలో వివరంగా రాశారు. ఆ కొట్టువాడికి నేను అంత వివరంగా చెప్పలేదు, రాయి మార్చమన్నాను. ప్లాస్టిక్ సంచుల గొడవ అలాగే ఉంది. రసీదుల్లో యువజనులు రెండు చోట్ల లెక్క తప్పారు. ఆదాయం తగ్గింది. పైకప్పు మరమ్మతు ఈ వేసవికి కూడా కాలేదు. వాన పడితే గుడిలో ఎడమవైపు మూడో స్తంభం దగ్గర బకెట్టు పెడుతున్నాం. పూజకు వచ్చేవారు దాన్ని చూసి నా వైపు చూస్తారు. చూడనివ్వండి. ఏడు రోజులు కొమ్మల పందిరి కింద కూర్చోమన్న ఆజ్ఞ మనకు కొంచెమైనా అందుతోంది.

9వ తేదీ ఉదయం పూజ అయ్యాక మైదానంలోకి వెళ్లాను. ఈసారి ఎవరికీ తొందర లేదు. టీ కాచుకుంటున్నారు. విప్పడం కట్టినదానికి తలకిందులుగా సాగుతుంది: ముందు సరుకు, తరువాత బల్ల, తరువాత పైకప్పు, చిట్టచివర గుంజ. ఆ పెద్దావిడ గాజులు డజను డజను కాగితంలో చుట్టి గడ్డిలో పేర్చి పెట్టె మూసింది. మనవడు ఇప్పుడు కాస్త ఎదిగాడు. తాళ్ల కొసలు వాడే లాగాడు. తాడు ఒక్కటీ కోయలేదు. గుంజలు ఊడదీశాక నాలుగు గోతులు మిగిలాయి. వాడు లారీ వైపు పరుగెత్తుతుంటే ఆమె వెనక్కి పిలిచింది. "ఆ గోతులు పూడ్చరా, రేపు బడి పిల్లల కాళ్లు మెలికపడతాయి" అంది.

వాడు మూడు పూడ్చాడు. నాలుగోది నేను పూడ్చాను. ఇటుక ముక్కలు ముందు వేయాలట, మట్టి తరువాత. నేను మట్టి ముందు పోశాను. ఆమె నవ్వి, మళ్లీ తీయించి వేయించింది.